బోర్డు దాకా నా నడుము బాగుచేయకు దేవా

నడుములో డిస్కు జారని మగవాణ్ని చూస్తే నాకు జాలేస్తుంది. ఏం సాధించాడని ఆ మనిషి నిటారుగా తిరుగుతున్నాడు?

కోపం తెచ్చుకోకండి, అనుభవం మీద చెబుతున్నాను. నేను ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాను. అంటే ఇల్లంత బండిలో కూర్చుని, గుంతల దారిలో షిఫ్టంతా ఎగిరెగిరి పడేవాణ్ని. ఇన్నేళ్ల ఎగురుడుకు నా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఒకటి విసిగిపోయి బయటికి తొంగి చూసింది. పక్కనున్న నరాన్ని పట్టి నొక్కింది. ఆ రోజు నుంచి నా దశ తిరిగింది!

ఇంతకుముందు గోదావరిఖని పోవాలంటే షేర్ ఆటోలో నన్ను వెనక సామాన్ల మధ్య కుక్కేవారు. ఇప్పుడు డ్రైవరే దిగి, "మార్కన్నా, నడుము పైలం" అంటూ ముందున్నవాళ్లను లేపి కూర్చోబెడుతున్నాడు. మా ఆవిడ మార్తమ్మ గ్యాస్ బండ జరపమని అడగడం మానేసింది. చర్చిలో కుర్చీలు సర్దమనేవాడు లేడు. దారిలో పది రూపాయల బిళ్ల కనబడినా చలించకుండా దాటిపోతున్నాను. ఇంత వైరాగ్యం సన్యాసులకైనా ఉంటుందా? వంగలేను కదా!

ఇక వైద్యమంటారా, అది మా సెంటినరీ కాలనీలో ఇంటింటికీ దొరుకుతుంది. నా ఎమ్మారై ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుపెట్టి చూడని మనిషి మా క్వార్టర్ల వరసలో లేడు. పక్కింటి ఆగయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "అన్నా, ఇది కిడ్నీలకు దిగింది" అని తేల్చాడు. ఒకరు బెల్టు కట్టుకోమన్నారు. ఒకరు బెల్టు తీసి పారేయమన్నారు. కటిక నేల మీద పడుకోమన్నారు, ఇసుక మూటతో కాపమన్నారు, వెన్నులో సూదిమందు వేయించుకోమన్నారు, మంచానికి కట్టేసి బరువులతో లాగించుకోమన్నారు. ఆపరేషన్ చేయించుకుని మూడో రోజే పరుగెత్తిన మనిషి గురించి ఒకాయన చెప్పాడు. ఆపరేషన్ తర్వాత మంచం దిగని మనిషి గురించి ఇంకొకాయన చెప్పాడు. ఆరా తీస్తే ఇద్దరూ చెప్పింది ఒకే మనిషి గురించి!

వీళ్లందరిలోకీ మెచ్చుకోవలసింది లింగవ్వను. ఆమె పుట్టినప్పుడు కాళ్లు ముందు బయటికి వచ్చాయట. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా దగ్గర నమ్మకం. ఆదివారం పొద్దున్నే వచ్చి, "అటు మర్లు కొడుకా" అని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఒక్కటిచ్చింది. నొప్పి నడుములోంచి పిక్కలోకి పాకింది. నేను లబోదిబోమన్నాను. లింగవ్వ మాత్రం, "జరిగిందా లేదా? ఇంకొక్క తన్నుకు కాలిలకెల్లి బయటికి వోతది" అని ధైర్యం చెప్పి చాయ్ తాగి వెళ్లింది.

అసలు వరం ఇంకా చెప్పనేలేదు. మెడికల్ బోర్డు!

మీది బొగ్గు ప్రాంతం కాకపోతే మీకు అర్థం కావాలి కాబట్టి చెబుతాను. నేను ఆరోగ్యంగా రిటైరైతే నాకు శాలువా కప్పుతారు, అంతే. అదే, బోర్డులోని డాక్టర్లు నన్ను పరీక్షించి పనికి పనికిరానని రాస్తే, నా బదులు నా కొడుక్కి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. మా జోయెల్ ఇంజినీరింగ్ పాసయ్యి, బండి మీద ఇంటింటికీ పార్సిళ్లు వేస్తున్నాడు. ఇప్పుడు చెప్పండి, తండ్రి నడుము కంటే గొప్ప యూనివర్సిటీ ఈ లోకంలో ఉందా?

పెళ్లి సంబంధాల వాళ్లు కూడా ఈ సంగతి గ్రహించారు. గుమాస్తా యేసుకుమార్ తన కూతురు లిల్లీని మా జోయెల్‌కు ఇద్దామని వచ్చాడు. పిల్లవాణ్ని ఒక్క ప్రశ్న అడగలేదు. నన్ను లేచి నిలబడమన్నాడు.

"బావా, జర వంగు, చూస్త."

నేను సగం వంగి "అమ్మా!" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మంచిగుంది, మంచిగుంది. బోర్డు అయినంక ముహూర్తం పెట్టుకుందం" అన్నాడు.

ఇంత సజావుగా సాగుతున్న కాపురంలో రమ అనే ఫిజియోథెరపిస్టు నిప్పులు పోసింది. దవాఖానలో నన్ను పడుకోబెట్టి, కాళ్లు లేపి దించి, నవ్వుతూ చెప్పింది.

"ఫికర్ చెయ్యకు కాకా. నీకు ఆపరేషన్ అవసరం లేదు. నేను చెప్పిన ఎక్సర్‌సైజులు రోజూ చెయ్యి. మెల్లమెల్లగ తగ్గుతది."

మార్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "బిడ్డా, తగ్గకుంట ఉండనీకి ఏమన్న మందుందా?" అని అడిగింది. రమ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

వార్త మేం ఇల్లు చేరేలోపే కాలనీ చేరింది. సాయంత్రానికి పరామర్శలు మొదలయ్యాయి. "ఏం జేస్తం అన్నా, రాసిపెట్టి ఉండాలె" అని ఆగయ్య నా భుజం నిమిరాడు. నేనూ మొండివాణ్నే. ఆ ఎక్సర్‌సైజులు ఒక్కటంటే ఒక్కటి చేయలేదు. పొరపాటున తగ్గితే ఎవరిది పూచీ?

ఇంతలో పాస్టరుగారికి నా మీద దయ కలిగింది. స్వస్థత ప్రార్థన పెడతానని నలుగురిని వెంటబెట్టుకుని మొన్న సాయంత్రం మా ఇంటికే వచ్చారు. వద్దని ఎలా అనను? ఏమని అనను? యేసుకుమార్ కూడా వచ్చాడు. చాయ్ వాసనకు లింగవ్వ కూడా వచ్చింది. పాస్టరుగారు నా నడుము మీద చెయ్యి వేసి, "ఈ సహోదరుణ్ని ఇప్పుడే, ఈ క్షణమే ముట్టుము తండ్రీ!" అని గొంతెత్తారు.

ఈ క్షణమే ఏమిటండీ! బోర్డు వచ్చే బుధవారం! మార్తమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. "నీ చిత్తం ప్రభువా, నీ సమయమందు ప్రభువా" అని నేను మధ్యలో అందుకున్నాను. దేవుడికి కాస్త వ్యవధి ఇవ్వడం భక్తి కాదా?

చివర్లో పాస్టరుగారు, "తండ్రి కోసం కొడుకు ప్రార్థించాలి" అని జోయెల్‌ను ముందుకు పిలిచారు. వాడు పార్సిళ్లు వేసి అప్పుడే వచ్చాడు. కళ్లు మూసుకుని, ప్రార్థనల భాష ఏదీ లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ప్రభువా, మా నాయినను మంచిగ చెయ్యి. బోర్డు కంటె ముందుగాలనే చెయ్యి. పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు బూట్లు తొడుక్కోనీకి రాక, గోడ దిక్కు తిరిగి ఏడుస్తడు. మేం పండుకున్నమనుకుంటడు. నాకు గసొంటి నౌకరి వద్దు."

ప్రార్థన అయిపోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. యేసుకుమార్ నేల చూశాడు. మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాస్టరుగారు కూడా ఎందుకో దగ్గారు, ఆయన తమ్ముడిది కూడా బోర్డు కేసే. లింగవ్వ అందరినీ చూసి, "ఏందయ్యా, పోరడు గంత మంచిగ మొక్కితె నోట్లె ఏం వెట్టుకున్నరు?" అని గద్దించి, తనే గట్టిగా "ఆమెన్!" అంది.

పాఠకులారా, నాకు నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. ఇంతసేపూ వరమని రాసిందంతా దాని మీద కప్పిన దుప్పటి. కొడుకు చదివితే రాని ఉద్యోగం తండ్రి విరిగితే వచ్చే చోట, తగ్గుతుందన్న మాటకు ఇల్లు ఇల్లంతా ఏడ్చింది. నాకు సిగ్గేసింది. మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చినవాళ్లకు వేసిందో లేదో తెలియదు.

మర్నాడు పొద్దున్నే జోయెల్ చాప పరిచి, "పండు నాయినా, మోకాళ్లు మడువు" అన్నాడు. రమ చెప్పినవన్నీ వరసగా చేయించాడు. ఎవరైనా చూస్తారని మార్తమ్మ వెళ్లి తలుపు గడియ పెట్టింది. నొప్పి నిజంగానే కాస్త తగ్గినట్టుంది. ఈ మాట మీలోనే ఉంచుకోండి.

బోర్డు బుధవారం. నా కోసం ప్రార్థిస్తామంటే సంతోషమే. ఏమని ప్రార్థించాలో మాత్రం నన్ను అడక్కండి.