గాలిఓడలో లీకు

"ఈ మండలంల ఇగ నేరం చెయ్యాలనుకునేటోళ్లు జహీరాబాద్ పోయి చేసుకోవాలె. ఇక్కడ నేనున్న!"

సోమవారం పొద్దున్నే ఇస్నాపూర్ చౌరస్తాలో, ఖయ్యూం పంక్చర్ షాపు ముందున్న బెంచీ ఎక్కి ఈ ప్రకటన చేసిన మహానుభావుడు నర్సింహులు. వినడానికి ఖయ్యూమూ, మూడు లారీ ట్యూబులూ తప్ప అక్కడ ఎవరూ లేరు.

నర్సింహులు అసలు ఉద్యోగం లారీలు తూచే కాంటా దగ్గర. కానీ "డిటెక్టివ్ నర్సింహులు, నేరగాళ్లకు నర్సింహస్వప్నం" అని కార్డులు అచ్చు వేయించుకున్నాడు. ఇంతవరకూ చేపట్టిన కేసు ఒక్కటే. సత్తెమ్మ మేక తప్పిపోతే పదకొండు రోజులు పరిశోధించాడు. పన్నెండో రోజు మేకే ఇంటికొచ్చింది. "నా ఒత్తిడికి తట్టుకోలేక లొంగిపోయింది" అని కేసు మూసేశాడు. ఆ పదకొండు రోజులూ దాన్ని ఆకర్షించడానికి "మే, మే" అని అరుస్తూ తుమ్మచెట్ల వెంట తిరిగింది మాత్రం ఖయ్యూం. చిన్ననాటి స్నేహం మరి, కాదనలేడు.

అప్పుడే ఒక లూనా వచ్చి ఆగింది. దిగింది నాగేశ్వరి మేడం. ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పాశమైలారంలో ఒక ఖాళీ షెడ్డు తీసుకుని తలుపులేసుకుని ఏదో తయారు చేస్తోందని అందరికీ తెలుసు. ఏమిటో ఎవరికీ తెలియదు.

"ఖయ్యూం భాయ్, నీ సాయం కావాలె. రోజూ లీకైతున్నది. ఎక్కడ్నో దొరుకుత లేదు. గురువారం పెద్దోళ్లు వస్తున్నరు. ఆలోపల పట్టకుంటే నా పదేండ్ల కష్టం గంగల కలుస్తది."

నర్సింహులు బెంచీ మీంచి దిగిపోయాడు. లీకు! మూసిన షెడ్డు! పక్కనే భానూరులో దేశ రక్షణకు సంబంధించిన ఫ్యాక్టరీ! అతని రక్తం ఉడికింది.

"బయటికి పోతున్నదా మేడం?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆఁ, బయటికే. కంటికి కనవడది కద."

"ఎన్నొద్దుల సంది?"

"తొమ్మిది రోజులైతున్నది."

"ఎవరి మీదన్న అనుమానం?"

"ముక్కు మీద జెర అనుమానమున్నది."

నర్సింహులు నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు: "ముఠా నాయకుడి మారుపేరు ముక్కు."

షెడ్డు తలుపు తీయగానే ఖయ్యూం నోరు తెరిచాడు. లోపల ముప్పై ఆరడుగుల వెండిరంగు సొరకాయ ఒకటి, నేలకు మూరెడు ఎత్తున, తాళ్లతో కట్టేసి ఉంది. దాని తోకకు చేప రెక్కల్లాంటి గుడ్డ రెక్కలు. కడుపు కింద రెండు చిన్న మోటార్లు.

"గిదేంది మేడం?"

"ఎయిర్‌షిప్ భాయ్. గాలిఓడ. ఎన్కట విమానాలకంటె ముందే ఇవి మనుషులను మోసినయి. అప్పుడు మండే గ్యాస్ నింపేటోళ్లు. కాలిపోయినయి, జనం భయపడి ఇడిసిపెట్టిన్రు. ఇప్పుడు హీలియం నింపుతున్నరు. అది మండదు. దేశదేశాల మళ్ల మొదలువెట్టిన్రు. రన్‌వే వద్దు, డీజిల్ తక్కువ."

ఆమె ఒక తాడు సరిచేస్తూ నవ్వింది. "మా ఫ్యాక్టరీల ఒకపారి పెద్ద బాయిలర్ చేసినం. ట్రైలర్ మీద ఎక్కించి పంపితే, ఊరూరికి కరెంటు తీగలు విప్పుకుంట, బ్రిడ్జిల కాడ ఆగుకుంట నెలరోజులు పట్టింది. దాని ఎనుక నేను జీపుల కూసున్న. మీదికి చూస్తే ఆకాశమంత ఖాళీ. గా దినం నుంచి ఇదే పిచ్చి."

గురువారం వచ్చేది కొండప్రాంతాలకు ట్రాన్స్‌ఫార్మర్లు చేర్చే కంపెనీ ఇంజనీర్లు. ఇది ఇరవై కిలోలు ఎత్తి గంటసేపు గాలిలో నిలబడితే, టన్నులు మోసే పెద్ద ఓడ కట్టడానికి మనుషుల్నీ స్థలాన్నీ ఇస్తారు. లేకపోతే షెడ్డు ఖాళీ చేయాలి. ఇక్కడేమో పొద్దున బిగుతుగా ఉన్న గ్యాస్ సంచి సాయంత్రానికి ముడతలు పడుతోంది. మిగిలింది ఒక్క సిలిండరే.

"సబ్బునీళ్లు పూసిన్రా?" అన్నాడు ఖయ్యూం.

"ఓడ ముక్కు కాడికెల్లి నడుము దాకా పూసినం. బుడగ రాలే."

ఖయ్యూం బకెట్ అందుకున్నాడు. నర్సింహులు వాచ్‌మన్ మొగులయ్యను అందుకున్నాడు. తాళ్లు కట్టడం, విప్పడం, గాలివాటం చూసి పట్టుకోవడం తెలిసినవాడు ఆ షెడ్డులో మొగులయ్య ఒక్కడే.

"నిజం చెప్పు. ఎన్నిసార్లు లీక్ చేసినవ్?"

మొగులయ్య సిగ్గుపడ్డాడు. "రోజుకు నాలుగైదు సార్లు సారూ. షుగరున్నది."

"ఎక్కడ?"

"గోడ ఎన్క."

"ఎవరన్న ఉంటరా అక్కడ?"

"ఛీ ఛీ! ఎవరన్న ఉంటె ఎట్లొస్తది సారూ?"

"నేరం ఒప్పుకున్నాడు. గోడ వెనక. రోజుకు నాలుగైదుసార్లు" అని నోట్‌బుక్కులో ఎక్కింది. ఖయ్యూం పక్కకు లాగి, "అరే, లీకంటె గాలిరా! గ్యాస్ పోతున్నది!" అన్నాడు.

"గ్యాస్ నీకు కొడుతున్నరు," అని నర్సింహులు జాలిగా నవ్వాడు. "ఇసుంటి కట్టుకథలు నేను శానా చూసిన."

మంగళవారమంతా ఖయ్యూం సబ్బునీళ్లు పూస్తూనే ఉన్నాడు. నర్సింహులు మొగులయ్య వెనకాల గోడ దాకా వెళ్తూనే ఉన్నాడు. నాలుగోసారికి మొగులయ్యకు పని జరగలేదు. బుధవారం మధ్యాహ్నం సద్దిగిన్నె పట్టుకుని మేడం ముందు నిలబడ్డాడు.

"నేను పోతనమ్మా. దొంగతనం అంటె పడ్త గని, గిదేంది? మనిషన్నంక గోడ ఎన్కకు గూడ పోవద్దా? బువ్వ తిని పోత."

నాగేశ్వరి మొహం పాలిపోయింది. "నువ్వు పోతె రేపు తాళ్లెవరు పడ్తరు మొగులయ్యా?"

అతను ఓడ తోక చాటుకు వెళ్లి, గిన్నె మూత తీశాడు. ఖయ్యూంకు తన దోస్తును బకెట్‌లో ముంచాలనిపించింది. కానీ ఆ దోస్తు కనబడలేదు. కనబడకపోవడానికి కారణం, అతను తోక పక్కనే నిచ్చెన ఎక్కి ఉన్నాడు. మూత తీయడం రహస్య సంకేతమనీ, ఆకాశమార్గాన నిఘా వేస్తే ముద్దాయి చేజిక్కుతాడనీ అతని సిద్ధాంతం.

బాగా కనబడాలని ముందుకు వంగాడు. నిచ్చెన పక్కకు జారింది. నర్సింహులు గాల్లో రెండు చేతులూ ఆడించి, చేతికందిన తోకరెక్కను కావలించుకున్నాడు. మొహం పోయి రెక్కకూ సంచికీ మధ్య గుడ్డ మడతలో ఇరుక్కుంది.

"కదలకు నేరస్థుడా!"

ఆ గొంతు నర్సింహులుది కాదు. ఆర్నెల్ల పిల్లికూనది.

"ఎవరది?" అన్నాడు మొగులయ్య చేతిలో ముద్దతో.

"నేనే! డిటెక్టివ్‌ను!" మళ్లీ అదే కీచుగొంతు. "నా గొంతు ఎవరో మార్చిన్రు! విషప్రయోగం! ఖయ్యూం, మా అవ్వకు చెప్పు!"

మొగులయ్యకు పొలమారింది. ఖయ్యూం నిచ్చెన కోసం పరుగెత్తాడు. నాగేశ్వరి మాత్రం నిలబడ్డచోటే గంతేసింది.

"హీలియం! హీలియం పీలిస్తే గొంతు గట్లనే అయితది! నర్సింహులూ, గాలి ఎక్కడ తగులుతున్నదో చెప్పు!"

"ముక్కు మీద!"

"ముక్కు కాదయ్యా, నువ్వు తోక కాడున్నవ్!"

"నా ముక్కు మీద మేడం!"

ఖయ్యూం పైకెక్కి, స్నేహితుణ్ణి మెడ పట్టి బయటికి లాగి, ఆ మడతలోకి సబ్బునీళ్లు చల్లాడు. కుట్టు పక్కన, మినపగింజంత చోట, బుడగలు బుసబుసా పొంగాయి. అంతెత్తున, రెక్కగుడ్డ కప్పేసిన చోట ఎవరి చెయ్యీ చేరలేదు. కారిన గాలంతా ఆ మడతలో పేరుకుంటోంది. ఖయ్యూం అక్కడ తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అరచేతంత అతుకు వేశాడు. పెళ్లికూతురి నుదుట బొట్టు పెట్టినంత జాగ్రత్తగా వేశాడు.

కింద నర్సింహులు గొంతు మెల్లగా మగాడిదైంది. తల దించుకుని మొగులయ్య దగ్గరికి వెళ్లి, "తాతా, నీ మీద కేసు కొట్టేసిన" అన్నాడు.

"గోడ ఎన్కకు రావు గద?"

"రాను."

"అయితె ఉంట," అని మొగులయ్య చేయి కడుక్కున్నాడు.

ఆఖరి సిలిండరు ఆ సాయంత్రమే నింపారు. గురువారం పొద్దునకు సంచి మీద ఒక్క ముడత లేదు.

పదింటికి ఇంజనీర్లు ఇద్దరు వచ్చారు. ఓడ కడుపు కింద ఇరవై కిలోల ఇసుక మూట కట్టారు. మొగులయ్య గాలివాటం చూసి, తాడు కొద్దికొద్దిగా వదిలాడు. గాలిఓడ షెడ్డు దాటింది, పొగగొట్టాలు దాటింది, కరెంటు తీగలు దాటింది. రోడ్డు మీద లారీలు ఆగాయి. డ్రైవర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. గంట గడిచింది. ఓడ అంగుళం దిగలేదు. ఇంజనీర్లలో పెద్దాయన నాగేశ్వరికి రెండు చేతులూ జోడించి, "పెద్దది మొదలుపెట్టండమ్మా" అన్నాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

పక్కన నర్సింహులు, ఆగిన డ్రైవర్లందరికీ కార్డులు పంచుతున్నాడు. "ప్రాణాలకు తెగించి నేనే పసిగట్టిన. నా ముక్కుకు చిక్కని నేరం లేదు."

ఖయ్యూం అదేమీ వినడం లేదు. ముప్పై ఏళ్లుగా అతను వేసిన ప్రతి అతుకూ బురదలో, కంకరలో, గుంతల్లో దొర్లింది. ఇదొక్కటి ఆకాశంలో ఉంది. ఎండకు తళుక్కుమంటున్న తోక దగ్గర, నల్లటి చుక్కలా.

"ఏందిరా, ఏడుస్తున్నవ్?" అన్నాడు నర్సింహులు దగ్గరకొచ్చి.

"ఏం లేదు భాయ్. కండ్లల్ల దుమ్ము పడ్డది."

నర్సింహులు చుట్టూ తీక్షణంగా చూసి, నోట్‌బుక్కు తెరిచాడు.

"నా దోస్తు కండ్లల్ల దుమ్ము కొట్టినోడు ఎవడు?"