హీరాలాల్ తండాకు కరెంటు వచ్చిన వైనం

“ఇకమీదట ఈ ప్రాంతంలో చీకటి అనేది రాత్రిపూట మాత్రమే ఉంటుంది” అని విద్యుత్తు మంత్రిగారు మానుకోట సభలో ప్రకటించారు.

చీకటికి ఇంత కచ్చితంగా హద్దు గీసిన మంత్రి అంతకు ముందు లేడు. వేదిక మీద చివరి వరసలో కూచున్న సదానందం అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఎప్పుడు కొట్టాలో జనానికి తెలియాలంటే ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ బాధ్యత పార్టీ ఆయనకు అప్పగించింది.

సదానందం సామాన్యుడు కాదు. అరవై తొమ్మిది ఉద్యమంలో వరంగల్‌లో చదువుకుంటూ, టెలిఫోన్ స్తంభానికి తాడు కట్టి నిలువునా పడగొట్టిన విద్యార్థి నాయకుడు. ఎనభయ్యో సంవత్సరం వచ్చేసరికి అధికార పార్టీలో చేరి, విద్యుత్తు, టెలిఫోన్ సలహా సంఘంలో సభ్యుడయ్యాడు. స్తంభం ఎలా పడుతుందో తెలిసినవాడికే ఎలా నిలబెట్టాలో తెలుస్తుందని పైవాళ్ళు గ్రహించారు. ఆయన కన్ను సమితి ప్రెసిడెంటు కుర్చీ మీద ఉందని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. గిట్టినవాళ్ళు కూడా అదే అనేవాళ్ళు.

ఆ సభలోనే మంత్రిగారు దేశానికి ఒక నినాదం ఇచ్చారు. ఎద్దుల చేత బావి నీళ్ళు తోడించే మోట పద్ధతి ఈ రోజుల్లో కూడా సాగడం తనకు వ్యక్తిగతంగా సిగ్గుగా ఉందని చెప్పి, “మోట వద్దు, మోటారు ముద్దు” అన్నారు. సదానందం చప్పట్లు కొట్టాడు. తర్వాత నూరు శాతం కరెంటు వచ్చేసిన ఊళ్ళ పేర్లు చదివారు. అందులో నెల్లికుదురు పక్కనున్న హీరాలాల్ తండా కూడా ఉంది.

జనంలో నిలబడి విన్న జాల్యాది ఆ తండాయే. మంత్రి అంతటివాడు తనకోసం సిగ్గుపడుతున్నాడని తెలిసి జాల్యా కదిలిపోయాడు. మరుసటి అంగడికి ఎద్దులను తోలుకుపోయి అమ్మేశాడు. పొద్దున్నే వాటి కొమ్ములకు పసుపు రాసి భార్య జమ్లీ ఏడ్చింది. సాయంత్రం బండి మీద మోటారు దిగింది. జమ్లీ దానికీ పసుపు రాసింది. బావి కింద యాసంగి వరి నాటారు. చెరువు లేదు, కాలువ లేదు. ఆ వరికి ఉన్నది ఆ బావి, ఆ బావికి ఉన్నది ఆ మోటారు.

మోటారుకు మాత్రం కరెంటు లేదు. తండా దాకా స్తంభాలు బారులు తీరి ఉన్నాయి. తీగలు లేవు.

ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు. తండా పద్ధతే అంత. నాయకుడు ఎవరైతే వాళ్ళ పేరుతోనే తండాను పిలుస్తారు. హీరాలాల్ నాయక్ బతికి ఉండగా సర్వే జరిగి, స్తంభాలు పాతారు. ఆ వానాకాలంలో హీరాలాల్ చనిపోయాడు. బాల్‌సింగ్ నాయకుడయ్యాడు. తీగల లారీ వచ్చి హీరాలాల్ తండా ఎక్కడని అడిగితే, దారిలో ఎదురైన జాల్యాయే సమాధానం చెప్పాడు. “హీరాలాల్ తండా ఇప్పుడు లేదన్నా. గిది బాల్‌సింగ్ తండా.” బతికున్న నాయకుణ్ణి పెట్టుకుని చనిపోయినవాడి పేరు చెప్పడం మర్యాద కాదు కదా. లారీవాడు లేని తండా కోసం చాలాసేపు వెతికి, తీగలు తీసుకుని వెనక్కి పోయాడు. తీగలు బయల్దేరాయి కాబట్టి ఆఫీసులో పని పూర్తయినట్టు రాసుకున్నారు.

ఆ తర్వాత టెలిఫోన్ సర్వే వచ్చింది. అప్పటికి బాల్‌సింగ్ ఉన్నాడు కాబట్టి, బాల్‌సింగ్ తండాకు పబ్లిక్ టెలిఫోన్ మంజూరైంది. అంత విలువైన వస్తువు తండాలో ఉంటే ఎండకూ వానకూ పాడైపోతుందని, సదానందం దాన్ని తన ఊళ్ళో తన ఇంటి వరండాలోనే పెట్టించుకున్నాడు. ఎవరూ మాట్లాడకపోతే ఫోను పీకేసుకుపోతారని ఆయన భార్య విమల జనగామలో ఉన్న చెల్లెలితో రోజూ మాట్లాడేది. గిరిజనుల కోసం ఆ ఇల్లాలు అంత శ్రమ పడేది.

వరి ఆకులు సుళ్ళు తిరగడం మొదలైన రోజు, జాల్యా ఆ వరండాకు వచ్చాడు.

“పటేలా, కరెంటు సారుతోటి జర మాట్లాడిపియ్యవా” అని అడిగాడు.

విమల చెల్లెలికి రేపు చేస్తానని చెప్పి ఫోను వదిలింది. సదానందం కరెంటాఫీసుకు కలిపించి ఇచ్చాడు. అవతల ఏఈ లక్ష్మీకాంత్ ఉన్నాడు. ఆయన గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే, పక్కనే నిలబడ్డ సదానందానికి కూడా ప్రతి మాటా వినిపించింది.

“ఏ ఊరు?”

“బాల్‌సింగ్ తండా సారూ. కరెంటు రాలే.”

“బాల్‌సింగ్ తండాకు కరెంటు మంజూరే కాలేదు. మంజూరు కానిది రాలేదంటే అది ఫిర్యాదు ఎలా అవుతుందయ్యా?”

“హీరాలాల్ తండా అన్నా గదే సారూ.”

“హీరాలాల్ తండాకు నూరు శాతం ఉంది. అక్కడినుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. చాలా మంచి మనుషులు.”

“గా మనుషులం మేమే సారూ.”

“మీరే అయితే ఫిర్యాదు ఎందుకు చేస్తున్నారు?”

జాల్యా రిసీవర్‌ను ఒకసారి చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.

“వరి ఎండుతున్నది సారూ. ఎద్దులు గూడ లేవు.”

“హీరాలాల్‌ను ఒకసారి ఆఫీసుకు రమ్మను. వాళ్ళ తండా సంగతి ఆయన చెప్తే వింటాం.”

“ఆయన సచ్చిపోయిండు సారూ.”

“అయ్యో” అన్నాడు ఏఈ. ఆయన నిజంగానే బాధపడ్డాడు. “ఆయన హయాంలో తండా చాలా అభివృద్ధి చెందింది.”

ఫోను పెట్టేశాక జాల్యా వరండా మెట్టు మీద కూలబడ్డాడు. వాడి మొహం చూస్తే సదానందానికి కడుపులో కలుక్కుమంది. అది పొద్దున్నుంచి ఏమీ తినకపోవడం వల్ల కూడా కావచ్చునని ఆయన లోపలికి పోయి భోంచేశాడు. తిన్నాక కొంచెం తగ్గింది.

రెండు రోజుల్లో తండాలో పంచాయితీ కూడింది. సదానందాన్ని కూడా పిలిచారు. సంగతంతా విని, బాల్‌సింగ్ నాయక్ తలపాగా తీసి ముందు పెట్టాడు. ముసలివాడైనా మాట గట్టిగానే వచ్చింది.

“పేరు తిని బతుకుతమా? హీరాలాల్ అన్న పేరే ఉండనియ్యిండ్రి. సర్కారుకు గదే ఇష్టమైతే నేను వద్దంటనా?”

తండా అంతా ఒప్పుకుంది. జాల్యా ముసలాయన కాళ్ళకు దండం పెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ, బాల్‌సింగ్ తండా లేకపోతే బాల్‌సింగ్ తండా టెలిఫోన్ కూడా ఉండదన్న సంగతి సదానందానికి తట్టింది. సమితి ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. వరండాలో ఫోనున్న మనిషికీ లేని మనిషికీ తేడా ఉంటుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

“తొందరపడకుండ్రి. కరెంటు కోసం ఫోను పోగొట్టుకుంటరా? ఫోన్ పోతే, రేపు కరెంటు లేదని ఎవలకు చెప్పుకుంటరు?”

ఇది ఎవరూ ఆలోచించని కోణం. పంచాయితీ పేరు సంగతి పక్కన పెట్టింది.

“మంత్రిగారు మానుకోటకు మల్ల వస్తున్నరు. జాల్యాను నేను సొంతంగ ఆయన ముందట నిలవెడత. ఆయన నోటితోటే చెప్పిస్త. నాది జిమ్మెదారి” అన్నాడు సదానందం.

ఈ మాట అంటున్నప్పుడు ఆయన దాన్ని నమ్మాడు కూడా. ఆయనలో ఉన్న గొప్ప గుణం అదే.

మంత్రిగారు వచ్చింది ‘వెలుగు – పలుకు’ ప్రదర్శన ప్రారంభించడానికి. సమితి ఆఫీసు హాలులో గోడంత పటం పెట్టారు. కరెంటున్న ప్రతి ఊరికీ ఒక ఎర్ర బల్బు, ఫోనున్న ప్రతి ఊరికీ ఒక ఆకుపచ్చ బల్బు. జనం వాటిని బుగ్గలన్నారు. సదానందం ఇస్త్రీ చొక్కా వేయించి జాల్యాను ముందు వరసలో నిలబెట్టాడు. మోట వదిలి మోటారు పట్టిన ఆదర్శ రైతు అని మంత్రిగారికి ముందే చెప్పి ఉంచాడు.

మంత్రిగారు స్విచ్చి నొక్కారు. బయ్యారం వైపు నుంచి రేగొండ దాకా బుగ్గలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. నెల్లికుదురు పక్కన ఒక ఎర్ర బుగ్గ మాత్రం వెలగలేదు.

“ఏమిటిది?” అన్నారు మంత్రిగారు.

ఏఈ లక్ష్మీకాంత్ దగ్గరగా పోయి చూశాడు. “హీరాలాల్ తండా సార్.”

“తండాకు కరెంటు లేదా?”

“గదే సారూ! గదే!” అని జాల్యా ముందుకు ఉరికాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. “గదే చెప్తున్న సారూ, ఎన్ని దినాల సంది!”

మంత్రిగారికి కోపం వచ్చింది. పేదవాడి కన్నీళ్ళు చూస్తే ఆయన ఆగలేడు. “గిరిజనులు చీకట్లో ఉంటే మీరంతా ఏం చేస్తున్నారు? ఐదు నిమిషాల్లో ఈ తండాకు కరెంటు రావాలి. నేనిక్కడే నిలబడతాను” అన్నారు.

ఆయన నిజంగానే నిలబడ్డారు. నిచ్చెన వచ్చింది. తీగ వచ్చింది. లైన్‌మన్లు, హెల్పర్లు, ఇద్దరు ఇంజనీర్లు పటం వెనకకు దూరారు. ఎవరో జీపులో పోయి కొత్త బుగ్గ తెచ్చారు. ఇచ్చిన గడువు తీరకముందే హీరాలాల్ తండా ఎర్రగా వెలిగింది. సదానందం చప్పట్లు మొదలుపెట్టాడు, హాలు అందుకుంది. మంత్రిగారు జాల్యా భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు.

“ఇప్పుడు సంతోషమేనా?” అన్నారు.

జాల్యా పటం దగ్గరికి పోయి ఆ బుగ్గను వేలితో తాకి చూశాడు. తిరిగి వచ్చే దారిలో సదానందాన్ని ఒకే మాట అడిగాడు.

“పటేలా, గా బుగ్గ ఆరితె గింతమంది ఉరుకుతరా?”

“ఉరకరా మరి! సర్కారంటే ఏమనుకున్నవ్?” అన్నాడు సదానందం గర్వంగా.

మర్నాడు హీరాలాల్ తండా బుగ్గ పటం మీద కనిపించలేదు. ఆరిపోవడం కాదు, అసలు బుగ్గే లేదు. మంత్రిగారు ఇంకా జిల్లాలోనే ఉన్నారు. ఏఈకి చెమటలు పట్టాయి, ఎస్సైకి కబురు పోయింది. మధ్యాహ్నానికి ఆచూకీ తెలిసింది. దొంగ దాన్ని దాచలేదు. తండాలో, తన బావి పక్కన ఉన్న స్తంభానికి, అందరికీ కనిపించేటట్టు వేలాడగట్టాడు.

హీరాలాల్ తండా ఎక్కడుందో అప్పుడు అందరికీ తెలిసింది. రెండు జీపులు బయల్దేరాయి. ఎస్సై, ఏఈ, లైన్‌మన్లు, నిచ్చెన, సాక్షిగా సదానందం. దుమ్ము చూసి తండా అంతా ఎదురొచ్చింది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. ఎస్సై మెళ్ళో ఎవరో బంతిపూల దండ కూడా వేశారు.

లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. పాతిన తర్వాత ఆ స్తంభాన్ని ఒక మనిషి ఎక్కడం అదే మొదలు. జమ్లీ బావి దగ్గరికి పరుగెత్తి, మోటారు మీది గోనెపట్టా తీసేసి, చేత్తో తుడిచి నిలబడింది. పొలం నెర్రెలిచ్చి ఉంది. మొదళ్ళలో ఇంకా పచ్చదనం ఉంది. ఒక్క తడి అందితే దక్కే వరి అని సదానందానికి కూడా తెలిసింది. ఆయన కూడా రైతు బిడ్డే.

లైన్‌మన్ బుగ్గ విప్పి జేబులో వేసుకుని దిగాడు. పాట ఆగిపోయింది.

ఎస్సై జాల్యా రెక్క పట్టుకున్నాడు.

“నేను దొంగను కాను సారూ. గది మా తండా బుగ్గనే. మాదాన్ని మా కాడికి తెచ్చుకున్న. మీరు దీని కోసమన్న వస్తరని” అన్నాడు జాల్యా.

ఎస్సై న్యాయమైన మనిషి. సదానందం వైపు తిరిగి అడిగాడు. “సొంత తండా బుగ్గయితే కేసు నిలవదు. మీరు చెప్పుండ్రి పటేలా, గిది ఏ తండా?”

అందరూ సదానందం వైపు చూశారు. బాల్‌సింగ్ నాయక్ చూశాడు. మోటారు పక్కన నిలబడి జమ్లీ చూసింది. హీరాలాల్ తండా అంటే సరిపోతుంది. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది కూడా. అదే గొంతుతో రోజూ సమితి పెద్దలతో మాట్లాడే వరండా ఫోను కూడా గుర్తుకొచ్చింది.

“బాల్‌సింగ్ తండా” అన్నాడు సదానందం.

ఏఈ లక్ష్మీకాంత్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎస్సై జాల్యాను జీపు ఎక్కించాడు. సాయంకాలం కావస్తోంది. ఎస్సైకి మనసు ఆగలేదు.

“పక్క తండావాళ్ళను చీకట్ల పెట్టేటందుకు నీకు మనసెట్ల వచ్చిందిర? ఆళ్ళకు పిల్లలు లేరా? పొలాలు లేవా?”

జాల్యా సదానందం మొహంలోకి చూశాడు. తర్వాత బావి వైపు చూశాడు.

“తప్పైంది సారూ. ఆళ్ళ కరెంటు ఆళ్ళకు ఇచ్చెయ్యిండ్రి.”

“ఇచ్చేస్తం. గందుకే గదా గింత దూరం వచ్చింది” అన్నాడు ఎస్సై.