అడగొద్దని పెట్టిన సెట్టింగు

ఏడింటికల్లా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కొట్టేసి, తొమ్మిదింటికి నాయనమ్మని సెంటరుకి తీసుకెళ్లి ఇడ్లీ తినిపించాలి. చోడవరంలో ఫ్లెక్సీల దుకాణం నడిపే హరిబాబు ఆ ఉదయం వేసుకున్న ప్లాను అంతే. నిన్న సాయంత్రం పోయిన చెరుకు రైతు సత్యారావువి ఆ ఫ్లెక్సీలు. ఇక నాయనమ్మ దేముడమ్మ, హరిబాబుని పెంచిన మనిషి, గుండెజబ్బుతో ఆసుపత్రిలో పది రోజులుండి మొన్ననే ఇంటికొచ్చింది. చెడ్డ కబురేదీ ఆమె చెవిన పడకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

హరిబాబుకి మౌసు తిప్పే ఓపిక లేదు. నల్ల తెరమీద ఒక్క లైను కమాండు కొడితే డిజైను తయారైపోవాలి. అందుకని శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు దానంతటదే తయారుచేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి కొత్తగా తగిలించాడు. దాని యూజర్ సెట్టింగుల్లో పేరు, ఫొటో అడిగితే తనవే ఇచ్చాడు. వినాయకుడి ఫ్లెక్సీ మీదైనా పక్కన మన బొమ్మ లేకపోతే అది మనదనిపించదు కదా! ఆ కిందే "ప్రింటుకి ముందు అడగాలా?" అని ఉంటే "అడగొద్దు" అని పెట్టాడు. పొద్దున్నే యంత్రంతో కబుర్లేమిటని వాడి విసుగు.

సత్యారావు వయసు, పోయిన తేదీ కమాండులోనే కొట్టాడు. ఆయన పేరు, ఫొటో ఉన్న ఫైలు మాత్రం వేరే ఫోల్డరులో ఉండిపోయింది. అది దొరక్క ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో ఉన్న హరిబాబునే తీసుకుంది. అడగలేదు. అడగొద్దన్నారు మరి. ప్రింటు అవుతుండగా హరిబాబు ఇంటికెళ్లి నాయనమ్మ చేతి టీ తాగుతున్నాడు. ఈలోగా ఫ్లెక్సీలు కట్టే కుర్రాడు దాసు పన్నెండూ పట్టుకెళ్లి ఊరంతా కట్టేశాడు. దాసు తాళ్లు చూస్తాడు గానీ ముఖాలు చూడడు.

హరిబాబు తిరిగి దుకాణానికి వచ్చాక, ఎనిమిదిన్నరకి సత్యారావు కొడుకు సత్తిబాబు వచ్చి మీద పడ్డాడు.

"ఒరే, సచ్చిపోయింది మా నాన్నా, నువ్వా?"

 ఇంకో అరగంటలో నాయనమ్మ ఇడ్లీకి సెంటరుకే వస్తుంది. హరిబాబు కత్తెర పట్టుకుని అక్కడికి పరుగెత్తి స్తంభం ఎక్కాడు. కింద అప్పటికే నలుగురు చేరారు.

"ఎనభై రెండేళ్లంట! వయసు తెలీకుండా ఉండీవోడు పాపం," అన్నాడొకడు.

"ఏటి పాపం? మా గుంట పుట్టినరోజు ఫ్లెక్సీ మర్నాడిచ్చేడు," అన్నాడు దండ పట్టుకున్నవాడు.

"నేను బతికే ఉన్నాను బాబూ!" అని పైనుంచి హరిబాబు అరిచాడు. దండవాడు తలెత్తి చూసి అక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ గోలలో దాసు రొప్పుకుంటూ వచ్చాడు.

"మీ పక్కింటి అప్పలనరసమ్మ ఫ్లెక్సీ సూసేసింది. మీ నాయనమ్మకి సెప్పడానికి ఎల్తంది!"

హరిబాబు ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లోంచి శోకాలు వినిపించాయి. వాడి ప్రాణం సగం అక్కడే పోయింది. తీరా చూస్తే ఏడుస్తున్నది అప్పలనరసమ్మ, ఆమె వీపు నిమురుతున్నది దేముడమ్మ.

"నిన్న సచ్చిపోయినోడు ఈ పొద్దు నా సేతి టీ ఎలా తాగేడే? ఊరుకో."

హరిబాబు ఆమె ఒళ్లో తల పెట్టి భోరుమన్నాడు. "నిన్ను సంపేసేననుకున్నానే నాయనమ్మా!"

"నాకెలాగూ ఎక్కువ టైము లేదు గానీ, నీ పని సూస్తేనే బయ్యంగా ఉందిరా. నా ఫ్లెక్సీ ఇప్పుడే తయారు సెయ్యి. నా కళ్లతో సూసుకుంటాను."

మధ్యాహ్నం సత్యారావు ఫ్లెక్సీలు సరిగ్గా కొట్టిచ్చాక, హరిబాబు సెట్టింగుల్లో తన పేరు, ఫొటో తీసేసి, "అడగాలి" అని మార్చాడు. నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె పేరు, నవ్వుతున్న ఫొటో ఇచ్చి కమాండు కొట్టాడు. యంత్రం మొదటిసారి నోరు విప్పింది: "ఖాయమేనా? అవును / కాదు."

"కొట్రా," అంది నాయనమ్మ.

మూడు రోజులైంది, హరిబాబు ఇంకా జవాబు కొట్టలేదు.