జూన్ ఒకటిన పుట్టిన తాలూకా

నాందేడ్‌లో ఫ్లెక్సీలు చాలడం లేదు!

సరిగ్గానే చదివారు. సిగ్నల్ కనబడకుండా ఫ్లెక్సీ కట్టారని, ఆస్పత్రికి దారి చూపే బాణం మీద ఎవరో నాయకుడి మీసం వచ్చి కూర్చుందని, చౌరస్తాలో ఎటు తిరగాలో తెలియక ఆటోవాలా అందరినీ తిడుతున్నాడని పేపర్లకు ఉత్తరాలు రాసే పెద్దమనుషులకు నాదొక్కటే ప్రశ్న. మీ ఇంట్లో థలసేమియా పిల్లలున్నారా? లేరు కదా! మరి మీకేం తెలుసండీ ఫ్లెక్సీ విలువ?

నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని మించిన ప్రజారోగ్య పథకం మన జిల్లాలో లేదని నా దృఢాభిప్రాయం. ఆ ఫ్లెక్సీని ఒకసారి శ్రద్ధగా చూడండి. పైన మరాఠీలో హార్దిక శుభాకాంక్షలు. నడుమ నల్లకళ్లద్దాల నాయకుడు. ఆయన పేరు ముందు "భావీ ఆమదార్", అంటే కాబోయే ఎమ్మెల్యే. కింద నలభై మంది కార్యకర్తల ఫోటోలు. అన్నిటికన్నా అడుగున, కుక్కలు పడుకునే ఎత్తులో, సన్నటి అక్షరాల్లో "భవ్య రక్తదాన శిబిరం". ఆ లైను దాకా చదివే మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆమె పేరు సోనాలి.

సోనాలిది మా ఊరే. కర్ఖేలి అవతల, తెలంగాణ ఇంకాస్త దూరంలో ఉందనగా వస్తుంది. ఊరి పేరు రాయను, కారణం మీకే తెలుస్తుంది. భర్త దత్తు కూలికి పోతాడు. ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ల ప్రాజక్త, ఏడేళ్ల అభయ్. ఇద్దరికీ ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు. ఇరవై ఒక్క రోజులకోసారి నాందేడ్ తీసుకుపోయి ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తీసేయడానికి రోజూ మాత్ర వేయాలి. ఆ మాత్ర కిడ్నీని ఏమైనా చేసిందేమో చూడటానికి పరీక్ష. ఇనుము గుండెలో చేరిందేమో చూడటానికి ఇంకో పరీక్ష. ఏడాదికోసారి కళ్లకు, చెవులకు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన సోనాలి ఇవన్నీ వేలి కణుపుల మీద చెబుతుంది. పిల్లల కనురెప్ప కిందికి లాగి చూసి హిమోగ్లోబిన్ ఎంతో చెబుతుంది. తర్వాత మిషన్ కూడా చెబుతుంది. తేడా వస్తే సోనాలి మిషన్‌ను ఇంకోసారి చూడమంటుంది.

ఇతర ఇళ్లలో క్యాలెండరు మీద ఏకాదశి, సంకష్టి చతుర్థి గీసి ఉంటాయి. సోనాలి ఇంట్లో నాయకుల పుట్టినరోజులు గీసి ఉంటాయి. పార్టీ పట్టింపు లేదు. ఎవరు ఎటు దూకినా ఆమెకు బాధ లేదు, పుట్టిన తారీఖు మారనంతవరకు. ఫిబ్రవరిలో పుట్టిన ఒక మాజీ సర్పంచ్ పోయినప్పుడు సొంత కొడుకుల కంటే సోనాలే ఎక్కువ ఏడ్చింది. ఆ కొడుకులు తండ్రి వర్ధంతికీ శిబిరం పెడతామన్నాకే ఊరుకుంది. నాయకుల ఆయురారోగ్యాల కోసం ఇంత నిస్వార్థంగా మొక్కే ఓటరును మీరెక్కడైనా చూశారా?

ఈ పిల్లలను రక్తానికి బదులు రక్తం తెమ్మని అడగకూడదని రూలుంది. నిజంగానే ఎవరూ అడగరు. ఫ్రిజ్ తలుపు తీసి ఖాళీ అరలు చూపిస్తారు, అంతే.

ఇక్కడే లెక్క వస్తుంది. బాటిల్‌లో రక్తం ముప్పై అయిదు రోజులు నిలవ ఉంటుందనుకోండి. అంటే సమంగా ఎడం ఎడంగా పుట్టిన పదకొండు మంది నాయకులుంటే ఏడాది గడిచిపోతుంది. మా ఒక్క తాలూకాలోనే భావీ ఆమదార్లు ముప్పై మందికి తక్కువ లేరు. మరి మే నెలలో ఫ్రిజ్ ఎందుకు ఖాళీ?

ఎందుకంటే అందరూ జూన్ ఒకటినే పుట్టారు!

నవ్వకండి. మా వైపు నలభై దాటిన ఏ మనిషినైనా ఆపి ఆధార్ అడగండి. ఒకటి, ఆరు. ఇది గ్రహబలం కాదు, బడి రిజిస్టరు. తల్లిదండ్రులు వేలిముద్రగాళ్లు. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడంటే "గా యేడు పెద్దవాన పడ్డది సూడు, గప్పుడు" అంటారు. హెడ్మాస్టరు ఆ పెద్దవానను ఏ గడిలో రాస్తాడు? బడి తెరిచేది జూన్‌లో. జూన్ ఒకటి వేస్తే వయసు సరిపోతుంది, రిజిస్టరు పైనుంచి కింది దాకా ఒకే వరసలో ముచ్చటగా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి "స్వచ్ఛంగా ఉంది" అని మెచ్చుకుంటాడు. అంతటి దూరదృష్టిగల ఆ హెడ్మాస్టర్లకు సన్మానం చెయ్యాలని ఎవరికీ తోచకపోవడం నాకెప్పుడూ వెలితే.

ఈ ఏడు మే ఎనిమిదిన పిల్లల వంతు వచ్చింది. ఫ్రిజ్ ఖాళీ. దత్తు, దత్తు తమ్ముడు, మేనబావలు, అందరూ ఏప్రిల్‌లోనే ఇచ్చేశారు. ఒకసారి ఇస్తే తొంభై రోజులు ఆగాలి. మర్నాడు సోనాలి ఏడేళ్ల అభయ్‌ను చంకనేసుకుని దిగంబర్ ఆఫీసుకు పోయింది. దిగంబర్ మా ఊరి భావీ ఆమదార్. ఆఫీసులో కూలరు ముందు ఇరవై రెండు మంది కుర్రాళ్లు, ఒక్కొక్కడు గుమ్మడిపండులా ఉన్నాడు.

"అన్నా, పిలగాండ్లకు రక్తం గావాలె. గీల్లల్ల ఇద్దరు అస్తే సాలు," అంది.

"గింతకు బతిమాలుడేందక్కా!" అన్నాడు దిగంబర్. "జూన్ ఒకటికి రా. మూడు నూర్ల బాటిళ్లు పెట్టుకున్న ఈపారి. నీకెన్ని గావాల్నో గన్ని తీస్కపో."

"గా దినానికి ఇంక ఇరవై మూడు దినాలున్నయి అన్నా. పిలగాడు నడుస్తలేడు."

"గది నిజమే గాని అక్కా, ఇప్పుడు ఇచ్చిండ్రనుకో, మల్ల తొంభై దినాలు పనికిరారు. ఒకటో తారీఖు నా లెక్క తక్కువ గాదా?"

వైద్యశాస్త్రం ప్రకారం ఈ వాదనలో వేలు పెట్టడానికి సందు లేదు. ఆ ఇరవై రెండు మంది రక్తం అప్పటికే రిజర్వు అయింది. దిగంబర్ చెడ్డవాడు కూడా కాదు. అభయ్‌కు చల్లటి మామిడి రసం తెప్పించాడు. వాడు రెండు గుక్కలు తాగి వద్దన్నాడు.

లోపలి నుంచి దిగంబర్ తల్లి భీమవ్వ వచ్చింది. "ఏ జూన్‌రా నీకు? మామిడికాయ తొక్కు పెట్టుకుంట పెట్టుకుంటనే నాకు నొప్పులచ్చినయి. జూన్‌ల తొక్కు ఎవలు పెడ్తరు? నువ్వు నడి ఎండల పుట్టినవు. గా జూన్ బడి సార్ రాసిండు."

"అమ్మా, ఆధార్ మీద ఏమున్నదో గదే నిజం," అన్నాడు దిగంబర్.

సోనాలి అక్కణ్నుంచి నేరుగా ఆ బడి సార్ ఇంటికి వచ్చింది. అంటే మా ఇంటికి.

అవును, నేనే. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నాలుగు వందల పైచిలుకు పిల్లలను జూన్ ఒకటిన పుట్టించినవాణ్ని. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది.

"సార్, మీరు రాసిన తారీఖే గదా," అంది సోనాలి. "నలుగురిది దిద్దుండ్రి సార్. దిగంబరన్నది మే ల ఎయ్యిండ్రి. ఇంకొగలిది ఆగస్టు, ఒగలిది దసరా ముంగట. గంతే."

జన్మతేదీ సవరణకు అఫిడవిట్ అనీ, గెజిట్ అనీ, తహసీల్ కార్యాలయం అనీ నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విన్నది. అభయ్ నా మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తున్నాడు. పక్కనే నా మనవడి క్రికెట్ బ్యాటు ఉంది. ఏడేళ్ల పిల్లవాడు అరగంట సేపు ఏదీ ముట్టుకోకుండా, ఏదీ అడగకుండా ఉన్నాడు. బడి నడిపినన్నాళ్లూ పిల్లలు అలా ఉండాలనే బెత్తం పట్టుకున్నాను. ఆ రోజు చూస్తే భయమేసింది.

"మీ పుట్టినదినం ఎప్పుడు సార్?" అంది సోనాలి ఉన్నట్టుండి.

"మే పదహారు." కొంచెం గర్వంగానే చెప్పాను. మా నాన్న పంచాంగం అట్ట వెనక గడియలతో సహా రాసిపెట్టాడు. మా ఊరి మగవాళ్లలో నిజం పుట్టినరోజు ఉన్నది నాకొక్కడికే.

"ఇంకేంది సార్ మరి! ఇంక ఏడు దినాలే ఉన్నది. నాలుగు నూర్ల మందికి సారు మీరు. మీరు పిలిస్తే రారా?"

పాతిక మంది పేర్లిస్తే బ్లడ్ బ్యాంకువాళ్లు ఊరికే వచ్చి తీసుకుంటామన్నారు. ఇక మిగిలింది ఫ్లెక్సీ. ఒక సంగతి ఒప్పుకోవాలి. పేపర్లకు ఉత్తరాలు రాసే పెద్దమనుషులని మొదట్లో అన్నానే, వాళ్లలో నేను మూడు ఉత్తరాలవాణ్ని. అయినా నా ఫోటో పదడుగుల ఎత్తున చూసుకోగానే ఆ అభిప్రాయం కాస్త మెత్తబడింది. ఫ్లెక్సీ వేసే అతను పాత డిజైన్‌లో ముఖం మార్చాడు గాని పైమాట మార్చలేదు. బస్‌స్టాండు ముందు నేను భావీ ఆమదార్‌గా వేలాడాను. రెండు రోజుల్లో ముగ్గురు రేషన్ కార్డు అర్జీలతో ఇంటికి వచ్చారు.

మే పదహారు. బడిలో మంచాలు వేశారు. మొదటి మంచం మీద నేనే పడుకున్నాను, చొక్కా చేయి మడిచి. డాక్టరమ్మ మరాఠీలో అడిగింది, వయసెంత అని. అరవై నాలుగు అన్నాను. అరవై అయిదు దాకా ఇవ్వవచ్చని ముందే కనుక్కుని వచ్చాను.

"ఇదివరకు ఎన్నిసార్లు ఇచ్చారు?"

"ఇదే మొదలు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మొదటిసారి ఇచ్చేవాళ్లకు అరవై దాటకూడదు సర్. అరవై లోపు ఒక్కసారి ఇచ్చి ఉన్నా మిమ్మల్ని పడుకోబెట్టేదాన్ని."

పద్దెనిమిది నుంచి అరవై దాకా నలభై రెండేళ్లు. ఒక్కసారి! ఊరందరికీ వయసులు రాసిచ్చినవాణ్ని, నాకు ఒక నాలుగేళ్లు తగ్గించి రాసే హెడ్మాస్టరు ఎవడూ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మంచం దిగుతుంటే ఎవరో అలవాటుగా నా చేతిలో అరటిపండు, బిస్కెట్ పొట్లం పెట్టారు.

తర్వాత సోనాలి వాడకట్టు ఆడవాళ్లు పంతొమ్మిది మంది వచ్చారు. వేలు గుచ్చి చూస్తే పదిహేను మందికి రక్తమే తక్కువ. మాత్రలిచ్చి పంపించారు. నాలుగు బాటిళ్లు వచ్చాయి. ఆ నాలుగు ఏ గ్రూపువో, అభయ్‌కు, ప్రాజక్తకు పనికొచ్చేవి వాటిలో ఎన్నో చెప్పలేమన్నారు. ఇరవై రెండు మంది కుర్రాళ్లు రోడ్డుకు అవతల నీడలో కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. అందరూ నా శిష్యులే. పిలిస్తే నమస్కారం పెట్టారు, లేవలేదు. సోనాలి గుమ్మంలో నిలబడి వాళ్లనే చూస్తోంది.

పదకొండున్నరకు ఆటో ఆగింది. ముందు దిగంబర్ దిగాడు. వెనక భీమవ్వ, చేతిలో తొక్కు జాడీతో సహా.

"పండుర!" అంది భీమవ్వ మంచం చూపించి. "గన్నది నేను. గన్న దినం నాకెరుకనా, సార్‌కెరుకనా? నీ పుట్టినదినం ఇయ్యాల్నే."

"అమ్మా, జూన్..."

"జూన్ల మల్ల పుట్టు. ఎవలద్దన్నరు?"

నాలుగు వందల మంది తారీఖులు నిలబెట్టిన నా రిజిస్టరు ఒక తొక్కు జాడీ ముందు ఓడిపోయింది. దిగంబర్ పడుకున్నాడు. ఫోటో తీశారు. భావూ, అంటే అన్న, పడుకున్నాక కార్యకర్తలు నీడలో కూర్చోరు కదా, వరసగా లేచి వచ్చారు. మొత్తం ఇరవై ఏడు బాటిళ్లు. సోనాలి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

ఆదివారం పిల్లలిద్దరికీ రక్తం ఎక్కింది. మంగళవారం అభయ్ మా కిటికీ అద్దం పగలగొట్టాడు. బ్యాటు నేనే ఇచ్చాను.

జూన్ ఒకటిన దిగంబర్ మళ్లీ పుట్టాడు. మూడు వందలు రాలేదు, రెండు వందల అరవై మూడే వచ్చాయి. అప్పటినుంచి నేనెదురైతే ఫోన్ చూసుకుంటాడు. జూన్‌లో రెండు వంతులు ఏ బెంగా లేకుండా గడిచాయి. జూలై మొదటి వారానికి మిగిలిన బాటిళ్ల గడువు తీరి పారేశారు. జూలై ఇరవై వంతు దత్తు, దత్తు తమ్ముడు మళ్లీ ఇచ్చి గట్టెక్కించారు. వాళ్లకు ఇక అక్టోబరు దాకా సెలవు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఫ్లెక్సీలు పెంచండి. సందుకొక నాయకుణ్ని తయారు చేయండి. తల్లి చంకన వేలాడే పిల్లవాడి ముఖం చూసి మనం లేవం. గోడ మీద మన ముఖం ఉంటే లేస్తాం. నన్ను చూడండి, అలా లేవడానికి అరవై నాలుగేళ్లు పట్టింది, అప్పటికి పనికిరాకుండా పోయాను.

ఇక నేను ఇవ్వగలిగేది ఒక్కటే, తారీఖు. అరవై లోపు వాళ్లెవరైనా సరే, ఆధార్ పక్కన పెట్టి ఇంటికి పోయి మీ అమ్మను అడగండి, నిజంగా ఎప్పుడు కన్నదో. ఆమెకూ గుర్తు లేకపోతే నా దగ్గరికి రండి. రిటైరయ్యాను గాని దస్తూరీ చెడలేదు. ఏ రోజు కావాలంటే ఆ రోజు రాసిస్తాను.

అభయ్, ప్రాజక్తల తర్వాతి వంతు ఆగస్టు పది. పదిహేనుకు జెండా పండుగ శిబిరాలున్నాయి గాని అది అయిదు రోజుల ఆలస్యం. నిన్న నా పాత రిజిస్టర్ల నకళ్లు దించి మొదటి పేజీ నుంచి చివరి దాకా వేలు పెట్టి చూశాను. జూలై ఆఖరు నుంచి ఆగస్టు పది వరకు మా ఊళ్లో ఇప్పటిదాకా ఎవరూ పుట్టలేదు.