చప్పుడు చేసిన సీసా

"ఎవరైనా చూసిన చెట్టుకు కాసిన పండు పసిబిడ్డకు పనికిరాదు!"

తకొరాడి రేవుపట్నపు బీచ్ రోడ్డు తల్లుల శిశుపోషణ ప్రమాణాల సంఘం ఏకగ్రీవంగా ఆమోదించిన మొదటి తీర్మానం ఇది. ఆరు నెలలు నిండిన బిడ్డ నోట్లో పెట్టే మొదటి పండు ఓడ ఎక్కి రావాలి. గుజ్జుగా మారి సీసాలో ఉండాలి. సీసా మీద నీలికళ్ల పిల్లవాడొకడు నవ్వుతూ ఉండాలి. ఆ పండు కాసిన చెట్టు ఏ తోటలో ఉందో సభ్యులెవరికీ తెలియకూడదు. తెలిసిందా, ఇక అది బజారు పండే!

తీర్మానం రాసింది అధ్యక్షురాలు మిసెస్ డాడ్సన్-బ్రూ. ఒక్క ఇంటిపేరు ఆవిడ హోదాకు చాలక రెండు పెట్టుకుంది.

ఈ తీర్మానం వల్ల నిండా చిక్కులో పడ్డ మనిషి ఎకువా మన్సా. ముప్పై ఏళ్లుగా బజారులో బొప్పాయిలు అమ్ముతోంది. కాయను అరచేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర వాసన చూసిందంటే, అది బుధవారం పండుతుందో గురువారం పండుతుందో చెప్పేస్తుంది. మనుషుల్నీ అలాగే లెక్క వేస్తుంది. ఎవరు పచ్చి, ఎవరు దోర, ఎవరు పైకి పసుపు లోపల కుళ్లు అన్నది నిమిషంలో తేల్చేస్తుంది. ఆ లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆమె కొడుకు సముద్రం నడుమ చమురు బావి మీద పనిచేస్తాడు. వెళ్తే నెల దాకా రాడు. కోడలు ఫిలోమినాది బ్యాంకు ఉద్యోగం. అందుకని మనవడు ఎబో పగలంతా నాయనమ్మ వీపున, గుడ్డ కట్టులో, బొప్పాయిల మధ్య పెరుగుతున్నాడు. సంఘంలో మాత్రం ఫిలోమినా, "మా అత్తగారిది పండ్ల ఎగుమతి వ్యాపారం" అని చెప్పుకుంది. ఎకువా బుట్ట నింపి పక్క వీధికి పంపడం కూడా ఒక రకం ఎగుమతే కదా!

ఎబోకు ఆరో నెల నిండిన రోజున ఫిలోమినా పన్నెండు సీసాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టింది.

"అత్తయ్యా, వీడికి ఇవే పెట్టండి. బజారు పండు ముక్క వీడి నోట్లో పడిందని నాకు తెలిసిందా, వీణ్ణి అక్రా తీసుకెళ్లి మా అమ్మ దగ్గర వదిలేస్తాను. ముందే చెబుతున్నా!"

"అలాగేనమ్మా. నాకేం, సీసా మూత తియ్యడం రాదా?" అంది ఎకువా. అంది గాని, అక్రా పేరు వినగానే ఆమె వీపు ఖాళీ అయిపోయినట్టనిపించింది.

మొదటి సీసాలో ఏదో నల్లటి గుజ్జు. ఎబో మొదటి చెంచా నాయనమ్మ రవిక మీద ఉమ్మాడు. రెండోది పక్క దుకాణం ఉల్లిపాయల మీద ఉమ్మాడు.

"ఏం పెడుతున్నావే పిల్లాడికి, బూటు పాలిషా?" అని అరిచింది ఉల్లిపాయల అబా.

"నోర్ముయ్యవే! ఓడ దిగిన సరుకు."

"అయితే మళ్లీ ఓడ ఎక్కించు!"

మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు ఎబో పక్కటెముకలు తడిమి చూసి ఎకువా నిర్ణయానికి వచ్చింది. ఊళ్లో ప్రతి వంటింట్లో మిరపకాయలు నూరే గరుకు మట్టిగిన్నె ఉంటుంది. పదిసార్లు కడిగినా దాని ఘాటు పోదు. అందుకని మిరప మొహం చూడని కొత్త గిన్నె కొంది. తొడిమ దాకా పసుపు తిరిగిన బొప్పాయిని కోసి, గింజలు తీసి, చెంచాతో గుజ్జు గీరింది. తొక్క దగ్గర చేదు తగులుతుందని అక్కడికి పోలేదు. చెక్క రోకలితో మెత్తగా నలిపి, పీచు లేకుండా వడకట్టి, కాచి చల్లార్చిన నీళ్లు రెండు చుక్కలు కలిపింది. మరిగించిన ఖాళీ సీసాలో పోసింది. నీలికళ్ల పిల్లవాడు ఎప్పటిలాగే నవ్వాడు. ఎబో మొదటిసారి నవ్వాడు!

అది మొదలు రోజుకు రెండు సీసాలు. ఒకరోజు బొప్పాయి, ఒకరోజు అరటి. ఖాళీ సీసాలకు కరువే రాలేదు. ఫిలోమినా వాటిని శుభ్రంగా కడిగి, వంటింటి గట్టు మీద బోర్లించి, మూతలు విడిగా ఆరబెట్టి మరీ పారేసేది. "బ్యాంకు వాళ్లు చెత్త పారేసినా ఎంత పద్ధతో!" అని ఎకువా ముచ్చటపడి, అందులోంచి రెండు సీసాలు కొంగున చుట్టుకుని పోయేది.

ఇంతలో బజారులో ఇంకో వింత మొదలైంది. బీచ్ రోడ్డు పనిపిల్లలు ఒక్కొక్కరే వచ్చి బాగా పండిన బొప్పాయి అడగసాగారు.

"ఎవరికే?"

"మా మేడమ్ గారి కుక్కకు, పిన్నీ. మెత్తగా ఉండాలట. పీచు ఉండకూడదట."

ఇంకో పిల్ల చిలక కోసం అంది. మరొకతె మేడమ్ మొహానికి పూసుకోవడానికి అంది. "మొహానికా? మరి గింజ ఒక్కటి కూడా ఉండకూడదని ఎందుకే?" అని ఎకువా అడిగితే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక పరుగెత్తింది. ఎకువా లెక్క వేసింది. సంఘంలో కోడలు కాక పదకొండు మంది తల్లులు. బీచ్ రోడ్డులో నోట్లో పళ్లు లేని జంతువులు సరిగ్గా పదకొండు!

నెలకోసారి ఆసుపత్రిలో తూకం రోజు. పిల్లల్ని గుడ్డ లాగులో కూర్చోబెట్టి కొక్కేనికి వేలాడదీసి తూస్తారు. తూకం ఒక నిమిషం, పట్టుచీరలంత ఖరీదైన తల్లుల లేసు గౌన్ల ప్రదర్శన రెండు గంటలు. నర్సు సిస్టర్ అఫిబా ప్రతి నెలా గొంతు చించుకునేది: "అమ్మలూ! ఆరో నెల తర్వాత మెత్తగా నలిపిన బొప్పాయి పెట్టండి, అరటిపండు పెట్టండి!" వినేవారు లేరు. వాళ్ల చూపంతా ఎదుటావిడ ఒళ్లోని సీసా మీదే.

ఏప్రిల్ తూకం రోజున ఘోరం జరిగింది. అధ్యక్షురాలి సీసాలో నల్లటి గింజ తేలింది!

"అది యాపిల్ గింజ. స్కాట్లాండులో యాపిల్ గింజలు నల్లగా, గుండ్రంగా, జారుడుగా ఉంటాయి" అందావిడ.

అందరూ ఆ గింజ కేసి ఒకసారి, ఆవిడ కేసి ఒకసారి చూశారు. ఆ చూపు ఎంత పెద్ద మాటో ఆవిడకు తెలుసు. వారం తిరక్కుండా రెండో తీర్మానం వచ్చింది. "ఊళ్లో నకిలీ సీసాలు తిరుగుతున్నవి. అసలు సీసా మూత మొదటిసారి తిప్పినప్పుడు చప్పుడు చేయును. మే నెల తూకం రోజున సభ్యులందరూ బహిరంగంగా మూతలు తిప్పవలెను. నకిలీ అని తేలినచో ఆ సభ్యురాలి పేరు గోడకు అంటించబడును."

ఎకువా తన మూతలన్నీ ముందేసుకుని తిప్పి చూసింది. మరిగించి మళ్లీ మళ్లీ వాడిన మూతలు ఏం చప్పుడు చేస్తాయి? పేరు గోడకెక్కితే ఫిలోమినా ఊరుకుంటుందా? మర్నాడే ఎబో అక్రా బస్సులో ఉంటాడు! అయితే ముప్పై ఏళ్ల వ్యాపారం ఊరికే పోదు. తనిఖీ అధికారి వస్తున్నాడంటే బజారులో ప్రతివాడూ మంచి సరుకు ముందు పెడతాడు. ఆ పదకొండు మందీ ఆ ఒక్కరోజుకీ అసలు సీసాలు తేకుండా ఉంటారా? కాబట్టి తానూ తేవాలి. బల్ల కింద మిగిలిపోయిన ఆఖరి అసలు సీసాను, అదే, బూటు పాలిష్ రంగుదాన్ని, ఆమె సంచిలో పెట్టుకుంది.

తూకం హాలు కిటకిటలాడింది. పన్నెండు మంది తల్లులు పన్నెండు సీసాలతో నిలబడ్డారు. ఫిలోమినా ఎబోని ఎత్తుకుంది. సీసా పట్టుకుని ఎకువా ఆమె పక్కన నిలబడింది.

"అధ్యక్షురాలితోనే మొదలుపెడదాం మేడమ్" అంది సిస్టర్ అఫిబా.

మిసెస్ డాడ్సన్-బ్రూ సీసాను గడ్డం దగ్గరకు ఎత్తి, తల కాస్త పక్కకు తిప్పి, మూత తిప్పింది. "టక్!"

గుండ్రటి, తడి చప్పుడు. సీసాలో బొప్పాయి రంగు.

రెండో తల్లి కూడా సీసాను గడ్డం దాకా ఎత్తింది. "టక్!" మూడో ఆవిడకు ముందరి పన్ను లేదు. "ఠుస్స్!" "జలుబు చేసిందండీ," అంది. సీసాకో, తనకో చెప్పలేదు. అలా పదకొండు సీసాలు మోగాయి. పదకొండు దవడలు కదిలాయి. పదకొండు సీసాల్లోనూ ఎకువా అమ్మిన సరుకే మెరుస్తోంది. మంగళవారం పండిన కాయ ఏదో, బుధవారం పండింది ఏదో ఆమె గుర్తుపట్టింది కూడా!

ఎవరూ అసలు సీసా తేలేదు! లెక్క తప్పిందని అప్పుడు తెలిసింది ఎకువాకు. కాని చెయ్యి అప్పటికే మూత తిప్పేసింది.

"ఠప్!"

రేకు చప్పుడు. పదునుగా, పొడిగా, హాలు చివరి దాకా వినబడింది. ఆ వెంటనే, ఎక్కణ్ణుంచో, ఒక తడి "టక్!"

అందరూ ఉలిక్కిపడ్డారు. అలాంటి చప్పుడు వాళ్లలో ఎవరూ నెలల తరబడి విని ఎరగరు.

"ఏమిటా మోత? పగిలిందా?"

"రెండుసార్లు మోగింది! అసలు సీసా రెండుసార్లు మోగుతుందా?"

"రంగు చూడండి! స్కాట్లాండు పండు నల్లగా ఉంటుందా?" అంది గింజ నల్లగా ఉంటుందన్న అధ్యక్షురాలే. నిజం తేల్చడానికి ఆవిడే స్వయంగా ఎబో నోట్లో ఒక చెంచా పెట్టింది. ఎబో ఆవిడ తెల్ల లేసు మీద గురి చూసి ఉమ్మాడు!

అక్కడికక్కడే మూడో తీర్మానం. "రేకు చప్పుడు నకిలీకి గుర్తు. అసలు సీసా చప్పుడు మృదువుగా, తడిగా, నోటికి దగ్గరగా ఉండును." పదకొండు చేతులు లేచాయి. "ఫిలోమినాకు వచ్చే నెల దాకా గడువు. అప్పటికీ అసలు సీసా తేకపోతే పేరు గోడకే!"

సిస్టర్ అఫిబా పిల్లలందరినీ తూచి, బరువులు చూసి, అధ్యక్షురాలి సీసాలో వేలు ముంచి నాకింది.

"మేడమ్, ఇది బొప్పాయి."

"స్కాట్లాండు బొప్పాయి!"

"ఏ బొప్పాయైనా సరే. పిల్లలు బలిశారు. మానకండి" అంది సిస్టర్. ఆమె గొంతు చించుకోని తూకం రోజు అదొక్కటే.

టాక్సీలో ఫిలోమినా మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఎకువా ఎబో కాలిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. రేపటి అక్రా బస్సు ఎన్ని గంటలకో కూడా మనసులో లెక్క వేసుకుంది.

"అత్తయ్యా!" అని ఒక్కసారిగా విరుచుకుపడింది ఫిలోమినా. "మూడు నెలలుగా బొప్పాయి పోసి పోసి, సరిగ్గా ఇవాళే అసలు సీసా తేవాలా? పరువు తీశారు కదా!"

ఎకువా నోరు తెరిచింది. "నీకు... తెలుసా?"

"ఫిబ్రవరిలో పన్నెండు సీసాలు కొన్నాను. మళ్లీ ఒక్కటి కొనలేదు. ఇది మే. రోజుకు రెండు చొప్పున పన్నెండు సీసాలు ఎన్నాళ్లొస్తాయి? వ్యాపారం చేసే మనిషి, ఈ లెక్క రాలేదా మీకు?"

రాలేదు! కాయ పండే రోజు చెప్పగల ఎకువాకు ఈ లెక్క మాత్రం తట్టనేలేదు.

"మరి వాటిని కడిగి పారేసేదానివి?"

"పారెయ్యడమా? మీకు అందేలా పెట్టేదాన్ని! నెల రోజులు అద్దం ముందు నిలబడి నాలుక చప్పరించడం నేర్చుకున్నాను. అంతా వృథా చేశారు."

ఆ రెండో చప్పుడు ఎక్కడిదో ఎకువాకు ఇప్పుడు తెలిసింది. అయినా అసలు భయం తీరలేదు. "మరి... వీణ్ణి అక్రా పంపుతావా?"

"అక్కడికెందుకు? మా అమ్మకు బొప్పాయి నలపడం రాదు. నిజంగానే సీసాలు కొని పెడుతుంది!" అంది ఫిలోమినా. తర్వాత అత్తగారి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "వచ్చే నెల మీరే తిప్పాలి. నాలుక అంగిలికి ఆనించండి. ఆనించారా? ఇప్పుడు ఒక్కసారిగా వదలండి."

ఎకువా వదిలింది. ఏదో కోడిపిల్ల చప్పుడు వచ్చింది. మళ్లీ వదిలింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, తాను కూడా ప్రయత్నించాడు.

ఇద్దరిలో ఎవరికీ సరిగ్గా కుదరక ముందే, ఒళ్లో కూర్చున్న ఎబో బొప్పాయి వాసన కొట్టే నోరు తెరిచి, శుభ్రంగా, గుండ్రంగా, అధ్యక్షురాలిని మించి అన్నాడు:

"టక్!"