కొండ చుట్టాల అదృశ్యం

ఆదివారం పొద్దున లేచి చూసేసరికి మా ఇంట్లో చుట్టం ఒక్కరూ లేరు!

తిరుపతిలో కాపురముండేవాళ్లకు ఈ మాట వింటేనే గుండె దడదడలాడుతుంది. పాతవాళ్లు నిన్న రాత్రే వెళ్లారు సరే, వాళ్ల చోటికి రావాల్సిన కొత్తవాళ్లేరీ? హాల్లో చాపలు లేవు. బాత్రూం ముందు క్యూ లేదు. నా తువ్వాలు నా కొక్కేనికే ఉంది. ఎండాకాలం సెలవుల్లో, అలిపిరి పక్కనే ఉన్న ఇంట్లో, ఇది సాధ్యమా?

ఏళ్ల తరబడి సస్పెన్స్ సీరియళ్లు రాస్తున్నవాణ్ణి. దీని వెనక ఎవరి చెయ్యో ఉందని వెంటనే పసిగట్టాను.

దర్శనానికొచ్చి మా ఇళ్లలో దిగే కొండ చుట్టాలు బెడద అంటారు కొందరు. ఎంత అన్యాయం! ఇంటర్ ముగించిన పిల్లలకు బాధ్యత నేర్పే యూనివర్సిటీ వాళ్లే కదా? మా అమ్మాయి భానుశ్రీనే చూడండి. హాస్టల్ కాలేజీ నుంచి ఇల్లు చేరేనాటికి ఇంటెగ్రేషన్ వచ్చు, కుక్కర్ మూత పెట్టడం రాదు. అంతలో తడ నుంచి మా చిన్నాన్న కొడుకు చక్రధర్ కుటుంబంతో దిగాడు. తోడుగా అమ్మాయిని కొండకు పంపాను. క్లాసులు మొదలు!

చక్రధర్ తలనీలాలిచ్చి జనంలో తప్పిపోయాడు. సెల్‌ఫోన్ లాకర్లో ఉంది. అన్నీ గుండ్లే, అన్నిటికీ గంధమే! అందులో మన గుండు ఏది? మా అమ్మాయే సాయంత్రం దాకా వెతికి, చెయ్యి పట్టుకుని తెచ్చి భార్యకు అప్పగించింది. ఆవిడ ఎగాదిగా చూసి గానీ ఒప్పుకోలేదట. ఇంత ఓర్పు ఏ కాలేజీ నేర్పుతుందండీ?

ఆ తర్వాత పలమనేరు చంద్రకాంతమ్మత్త. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆవిడ తిన్న పులిహోర సంగతి వద్దులెండి. ఇప్పుడు మా అమ్మాయి నిమ్మకాయ, ప్లాస్టిక్ కవర్లు లేకుండా గడప దాటదు. పరిణతి అంటే ఇదే కదా?

మధ్యలో మా ఆవిడ ప్రసన్నకుమారి తనూ కొండకొస్తానంది. పిల్ల ఇంటర్ గట్టెక్కితే వస్తానని మొక్కుకుందట. మరి చుట్టాలకు పులిహోర ఎవరు కడతారు? బాధ్యత గుర్తుచేశాను. వంటింట్లోకి వెళ్లింది.

ఇంత గొప్ప యూనివర్సిటీని మూసేసిందెవరు? దర్యాప్తు కోసం చక్రధర్‌కు ఫోన్ చేశాను.

"ఏమన్నా, ఇంటిల్లిపాదికీ అమ్మవారు పోసిందంట గదా," అన్నాడు జాలిగా. "మేము ఈ వారం మళ్లీ బయల్దేరాల్సింది. తలకు నీళ్లు పోసుకోండి, ఆ పైన వస్తాంలే."

ఒళ్లంతా తడుముకున్నాను. ఒక్క పొక్కూ లేదు. వీధిలోకి పరుగెత్తాను. మా గేటుకు ఎవరో గుత్తులు గుత్తులుగా వేపమండలు కట్టారు! ఇక ఏ చుట్టం లోపలికి అడుగుపెడతాడు?

కుర్చీలో కూలబడి కాఫీ కోసం మా ఆవిడను కేకేశాను. పలకలేదు. ఇంకా గట్టిగా కేకేశాను. గ్లాసు పట్టుకుని భానుశ్రీ వచ్చింది.

"నేనే నాయనా," అంది నిమ్మళంగా. "అమ్మవారు పోసిందని అందరికీ ఫోన్లు చేసింది నేనే, వేపమండలు కట్టింది నేనే. ఎవురొచ్చినా అమ్మ పొయ్యి కాడే గదా. మొక్కు తీర్సుకోమని తెల్లారకముందే కొండ బస్సెక్కించినాను. పక్కింటి నాగవేణక్క తోడు పోయింది. చుట్టాలు లేరని లేస్తానే కనిపెట్టినావు, అమ్మ లేదని ఇంకా కనిపెట్టలేదే నువ్వు? కాఫీ తాగి గ్లాసు నువ్వే కడుగు. ఈ పొద్దుటి నుంచి నీకు గూడా క్లాసులే."