తెనాలి కాఫీపై బాపట్ల సూర్యకుమారి దిగ్విజయము

రేపల్లె రైలు కూతలతో, ఆటోల హాహాకారములతో మారుమ్రోగు తెనాలి మహాపట్టణమున, టిఫిన్లు ముగిసి కాఫీలు మొదలగు ఘోరముహూర్తమున, బాపట్ల వాస్తవ్యురాలు, విశ్రాంత లెక్కల టీచరు, రక్తహీనయయ్యు ధైర్యహీన కాని సూర్యకుమారి, కూతురి అత్తగారైన పున్నమ్మ ఇంట సోఫాసింహాసనమధిష్ఠించి, ఎవరును చూడకుండ ఐరన్ బిళ్ళ నొకదానిని నీళ్ళతో గుటుక్కున మ్రింగెను.

రక్తము పెరగనిదే మోకాలి ఆపరేషన్ చేయనని డాక్టరమ్మ ఇదివరకే వాయిదా వేసెను. బిళ్ళ వేసికొన్న గంటవరకు కాఫీ ముట్టరాదనియు శాసించెను. వియ్యాలవారికి తెలిసినచో చులకనయగునని సూర్యకుమారి ఈ సంగతి దాచెను.

ఇక లోపల చూడుడు! పేగు కణములు ద్వారములు తెరచి ఇనుప అయాన్లకై ఎదురుచూచుచుండెను. ఇనుము సామాన్యపు చుట్టము కాదు సుమా! లేనిచో ప్రాణవాయువును మోయు దిక్కుండదు. పట్టపగ్గములు లేక తిరిగినచో ఆక్సీకరణాగ్ని రగిల్చి కణము కొంపకే నిప్పు పెట్టును. కావున ఫెరిటిన్ అను ప్రోటీన్ దుర్గపాలకుడు దానిని కోటలో బంధించి, అవసరము మేరకే విడుచుచుండును. ఇంత పకడ్బందీ రాజ్యమునకు కాఫీ బద్ధవైరి. అది దారిలోనే ఇనుమును వాటేసికొని గుమ్మము తొక్కనీయదు.

ఆ వైరియే స్టీలు గ్లాసునెక్కి, పొగలు గ్రక్కుచు, పున్నమ్మ చేతులమీదుగా వచ్చెను. అబ్బ, ఏమి ఘుమఘుమ! సూర్యకుమారికి నోరూరెను.

"తీసుకోండి వదినగారూ, చిక్కటి డికాక్షన్."

"ఇప్పుడొద్దండి వదినగారూ."

"అదేంటండీ! మా కాఫీ నచ్చలేదేంటి? పోనీ, మజ్జిగ తెస్తానుండండి."

మజ్జిగయా! అందలి కాల్షియము ఇనుమునకు మరియొక అడ్డు. వద్దనగానే పున్నమ్మ ముఖము ముడుచుకొనెను. ఈ అలుక రేపు కూతురి నెత్తిన దెప్పులై కురియునని తల్లిగుండె గుబేలుమనెను.

"ఓసి కషాయాధిదేవతా! ఇంతకాలము నీకు దాసినైతిని. నేడు మాత్రము నా పేగుదుర్గమున నీకు ప్రవేశము లేదు!" అని మనసున గర్జించి, ఆ వీరవనిత గొంతు తగ్గించి ఇట్లనెను:

"నాకు రక్తం తక్కువండి. ఇప్పుడే ఐరన్ బిళ్ళ వేసుకున్నాను, గంటదాకా కాఫీ తాగకూడదంట. చెప్పడానికి సిగ్గేసింది."

పున్నమ్మ గ్లాసుతో సహా కూలబడెను.

"అయ్యో రామ! నేనూ అదే బిళ్ళ వేసుకుంటున్నానండీ, రోజూ కాఫీతోనే! రక్తం ఎంతకీ పెరగదేంటా అని డాక్టర్ని తిట్టుకుంటున్నా!"

తోడనే ఆమె లోపలికి పోయి, తన బిళ్ళను, చెంబుతో నీళ్ళను తెచ్చుకొని సూర్యకుమారి ప్రక్కనే చేరెను. వియ్యపురాండ్రిరువురును భుజము భుజము కలిపి గడియారము వంక గ్రుడ్లప్పగించి కూర్చుండగా, కాఫీ మీగడ కట్టి చల్లారెను.

దుందుభులు మ్రోగలేదు, వంటింట కుక్కరు కూత వేసెను. సరిగా ఆ క్షణమున, సూర్యకుమారి పేగుకోటలో ఒకానొక ఇనుప అయాను క్షేమముగా గృహప్రవేశము చేసెను. జయము! జయము!